విత్తనం పేరు రాశాం, నల్లి ఊరు రాయలేదు

మొన్న ఏప్రిల్లో ఊరికి వెళ్లాను. మదనపల్లె దగ్గర మాదొక చిన్న పల్లె. బస్సు దిగి తోట వైపు నడుస్తుంటే దూరం నుంచే చిన్నాయన టమాటా మడి గోధుమ రంగులో కనిపించింది. నీళ్లు చాలక ఎండిందేమో అనుకున్నాను. దగ్గరికి వెళ్తే డ్రిప్ పైపుల కింద మట్టి తడిగానే ఉంది. కింది ఆకులు మాడిపోయాయి. నడిమి ఆకుల మీద సూదితో పొడిచినట్టు తెల్లటి చుక్కలు. చిగుళ్లను చుట్టుకుని సాలెగూడు లాంటి సన్నటి బూజు, ఆ బూజు మీద అటూ ఇటూ పరుగెత్తే ఎర్రటి నలుసులు. ఎర్రనల్లి.

గట్టుకు అవతల పక్కాయన తోట. అదే హైబ్రిడ్ విత్తనం. ఒకే నర్సరీ నుంచి ఒకే ఆటోలో వచ్చిన నారు. అక్కడ ఆకు పచ్చగా ఉంది.

"విత్తనం ఒకటే, మందు తెచ్చిన అంగడి ఒకటే. ఆయప్ప తోటకు లేంది నా తోటకే ఎందుకొచ్చె? నువ్వు చదివింది ఇదే కదా, చెప్పు నాయనా" అన్నాడు చిన్నాయన. అంగట్లో అడిగితే "నీకు మందు కొట్టడం రాదు" అన్నారట. ముప్పై ఏళ్లుగా టమాటా పెడుతున్న మనిషి. ఆ మాట చెప్పేటప్పుడు నా వైపు చూడలేదు. కట్టెకు కట్టిన పురికొసను విప్పుతూ, మళ్లీ కడుతూ చెప్పాడు.

నాకు తెలిసిన జవాబు చెప్పాను. నీ మడి బాటకు ఆనుకుని ఉంది, ఆకు మీద దుమ్ము పడుతుంది, దుమ్ము పట్టిన చోట నల్లి ఎక్కువ. కాయ తొలిచే పురుగుకని పైరిత్రాయిడ్ మందు రెండుసార్లు కొట్టావు, దాంతో నల్లిని తినే పురుగులు చచ్చాయి. పక్కాయన ఆ మందు కొట్టలేదు. ఇందులో ఏదీ అబద్ధం కాదు. చిన్నాయన కూడా తల ఊపాడు.

కానీ వెనక్కి వచ్చే ముందు పక్కాయనను అడిగి ఆయన తోటలో కూడా దిగాను. చేతి భూతద్దం నా సంచిలో ఎప్పుడూ ఉంటుంది. పచ్చగా ఉన్న ఆ మొక్కల్లోనూ కింది ఆకులు తిప్పి చూస్తే నల్లులున్నాయి. ఆకుకు నాలుగో ఐదో. ముత్యాల్లా గుండ్రటి గుడ్లు మాత్రం బాగా తక్కువ. అంటే నల్లి ఆ తోటకు రాకపోవడం కాదు. వచ్చింది, పెరగలేదు. ఆ రాత్రి బస్సులో నిద్ర పట్టలేదు, ఎందుకంటే ఇలాంటి ఆకును నేను ఇంతకు ముందొకసారి చూశాను. చూసి, వదిలేశాను.

సగటు తీసుకో అన్నారు

ఎమ్మెస్సీ అగ్రికల్చర్లో నా పరిశోధన టమాటా రకాల మీద ఎర్రనల్లి. ఏ రకం తట్టుకుంటుంది, ఏది తట్టుకోదు అని తేల్చే పని. ట్రేలో తడి దూది పరిచి, దాని మీద రూపాయి బిళ్లంత ఆకు ముక్కలు పెట్టి, ఒక్కో ముక్క మీద సన్నటి కుంచె కొసతో ఆడ నల్లిని వదలాలి. తర్వాత రోజూ మైక్రోస్కోపు కింద గుడ్లు లెక్కపెట్టాలి. నల్లి అర మిల్లీమీటరు ఉంటుంది. వీపుకు రెండు వైపులా కనిపించే నల్ల మచ్చలు దాని కడుపులోని ఆకు రసమే. ఆ మచ్చలు ముదిరితే తింటోందని, వెలిసిపోతే పస్తులుందని నెల తిరక్కుండానే గుర్తుపట్టడం వచ్చేసింది.

నల్లులను రెండు చోట్ల నుంచి తెచ్చాను. కొన్ని కాలేజీ వంకాయ మడి నుంచి, కొన్ని ఊరి బయట ఒక గులాబీ పాలీహౌస్ నుంచి. మొదటి విడతలో విడివిడిగానే వదిలాను. ఒకే టమాటా రకం, ఒకే మొక్క, ఒకే కొమ్మ ఆకులు. వంకాయ నుంచి వచ్చినవి కుదురుగా కూర్చుని గుడ్లు పెట్టాయి. గులాబీ నుంచి వచ్చినవి ఆకంతా తిరిగి తిరిగి, అంచు దాటి, తడి దూదిలో మునిగి చచ్చాయి. ఉన్న కొద్దీ గుడ్లు కూడా పెద్దగా పెట్టలేదు. పట్టిక చూపించి గైడుగారికి చెప్పాను. "రెండూ కలిపి పెంచు, సగటు తీసుకో. మనం పరీక్షిస్తున్నది రకాన్ని, నల్లిని కాదు" అన్నారు. ఆయన చెడ్డవారు కాదు, తొందరపాటు మనిషీ కాదు. ఆ పట్టికలో నల్లికి గడి లేదు, అంతే. నేను కలిపేశాను. థీసిస్‌లో ప్రతి టమాటా రకానికీ దాని పేరు, వంశావళి, విత్తనం ఎక్కడిదో రాశాను. నల్లికి మాత్రం ఒక్క లాటిన్ పేరు రాసి ఊరుకున్నాను.

ఇప్పుడు న్యాయంగా ఆలోచిస్తే, ఆ తేడా పుట్టుకతో వచ్చిందని అప్పటి నా లెక్కలతో రుజువు కాదు. గులాబీ మీద పెరిగిన నల్లికి టమాటా ఆకు కొత్త, అలవాటు పడటానికి టైమ్ పడుతుంది. రెండు గుంపుల్నీ ముందు బీన్స్ ఆకుల మీద రెండు మూడు తరాలు సమంగా పెంచి, ఆ తర్వాత టమాటా మీదికి వదిలి ఉంటే తెలిసేది. అది చేయలేదు. చేయాల్సిన ప్రశ్నే అది అని కూడా ఎవరం అనుకోలేదు. నా బాధంతా అక్కడే.

ఆమ్‌స్టర్‌డామ్‌లో మూడు వంశాలు

మేం వదిలేసిన ప్రశ్ననే ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయం వాళ్లు పట్టుకున్నారు. మెరైన్ కాంట్, మారిస్ సాబెలిస్ తదితరులు 2008లో అచ్చువేసిన పత్రాన్ని ఊరి నుంచి వచ్చాక మళ్లీ తీసి చదివాను.

టమాటా ఆకును నల్లి గుచ్చగానే మొక్కలో జాస్మోనిక్ ఆమ్లం పెరుగుతుంది. పేరు వినగానే జాజి గుర్తొస్తే అది సరైన గుర్తే. 1962లో ఈ కుటుంబపు పదార్థాన్ని మొదట వేరుచేసింది జాజి పూల నూనె నుంచే. అది పెరిగితే, తిన్నవాడి కడుపులో ప్రోటీను అరగనివ్వని పదార్థాలను మొక్క తయారు చేసుకుంటుంది. దీన్నే మొక్క ఆత్మరక్షణ అంటున్నాం. పాఠంలో చదువుకున్నది ఇంతవరకే: నల్లి కొరుకుతుంది, మొక్క ఎదురు తిరుగుతుంది.

ఆమ్‌స్టర్‌డామ్ వాళ్లు ఒకే జాతి నల్లిలో, అంటే మన ఎర్రనల్లి (టెట్రానికస్ ఉర్టికే)లోనే, మూడు వంశాలను తీసుకున్నారు. మొదటి వంశం కొరికితే మొక్క ఎదురు తిరిగింది, ఆ దెబ్బకు ఆ నల్లి దెబ్బతింది. రెండోది కొరికినా మొక్క అలాగే ఎదురు తిరిగింది, నల్లికి మాత్రం చీమ కుట్టినట్టు కూడా లేదు. మూడోది వేరే కథ. అది కొరికితే మొక్క రక్షణ సరిగా లేవనే లేదు. లేస్తే ఆ నల్లి తట్టుకోలేదు, మొదటి దానిలాగే దెబ్బతింటుంది. కాబట్టి లేవకుండానే చూసుకుంటుంది.

ఈ మూడో వంశం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. తట్టుకునే నల్లిని అర్థం చేసుకోవడం సులభం, మందు తట్టుకునే నల్లిని రోజూ చూస్తున్నాం కదా. కానీ తట్టుకోలేని నల్లి, మొక్కను నిద్రలోనే ఉంచి బతకడం వేరే విద్య. ఎలా చేస్తుందంటే చాలావరకు లాలాజలంతో. ఆకులోకి సూది దింపినప్పుడు ఉమ్మే ప్రోటీన్లలో కొన్ని మొక్క రక్షణను అణచగలవని అదే విశ్వవిద్యాలయం బృందం 2016లో చూపించింది. ఎక్కువగా టమాటా కుటుంబపు మొక్కల మీద బతికే టెట్రానికస్ ఎవాన్సీ అనే ఇంకో జాతి ఈ విద్యలో ఎంత ఆరితేరిందంటే, అది పట్టిన ఆకులో రక్షణ అసలు నల్లే పట్టని ఆకులో కన్నా కిందికి పడిపోతుంది. 2011లో ఆ సంగతి బయటపెట్టారు. అలా మెత్తబడ్డ ఆకు మీద పక్క నల్లులు కూడా హాయిగా పెరుగుతాయి. అందుకేనేమో ఎవాన్సీ దట్టంగా బూజు కట్టి ఆకును తనకే ఉంచుకుంటుంది.

దీన్ని మన పొలానికి తెచ్చి చూడండి. మొక్క రక్షణ బలంగా ఉన్న టమాటా రకాన్ని ఎంతో కష్టపడి తయారు చేశామనుకుందాం. మొదటి వంశం నల్లి ఉన్న తోటలో ఆ రకం అద్భుతం. రెండో వంశం ఉన్న తోటలో ఆ బలం దండగ. మూడో వంశం ఉన్న తోటలో ఆ బలం ఉన్నా లేచే అవకాశం రాదు. మూడు తోటల్లోనూ రైతు పట్టుకెళ్లే ప్యాకెట్ మీద ఒకటే మాట ఉంటుంది: నల్లిని తట్టుకుంటుంది.

ఈ మాట సగం వాక్యమని నా అభిప్రాయం. ఏ నల్లిని తట్టుకుంటుందో చెప్పినప్పుడే అది పూర్తవుతుంది. అంతవరకూ రకాన్ని గానీ, మందును గానీ, అన్నిటికన్నా ముఖ్యంగా రైతును గానీ తప్పుపట్టే హక్కు మనకు లేదు.

ఒక్క ఆడది చాలు

తోటకూ తోటకూ నల్లి నిజంగా అంత మారుతుందా అని అడగొచ్చు. నాకూ ఆ అనుమానం ఉండేది. దాని పుట్టుక తీరు తెలిశాక పోయింది.

ఎర్రనల్లిలో మగవి ఫలదీకరణ జరగని గుడ్ల నుంచి పుడతాయి. గాలికి కొట్టుకొచ్చి, మగతోడు లేని ఒక్క ఆడది మీ తోటలో పడినా చాలు. మగ గుడ్లు పెడుతుంది, పెరిగిన ఆ కొడుకుతోనే కలిసి ఆడవాటిని కంటుంది. ఎండాకాలంలో గుడ్డు నుంచి పెద్ద నల్లి కావడానికి వారం పది రోజులు. కాబట్టి ఒక తోటలోని లక్షల నల్లులు రెండు మూడు తల్లుల సంతానం అయ్యే అవకాశం ఎప్పుడూ ఉంటుంది. తల్లి ఏ గుణం తెస్తే తోటంతా ఆ గుణమే. పైగా మగదానికి జన్యువులు ఒక్క జత కూడా ఉండవు, ఒంటి ప్రతే. మనలో అయితే రెండో ప్రతి కింద తరాల తరబడి దాక్కునే గుణం, అక్కడ మొదటి కొడుకులోనే బయటపడుతుంది. పనికొస్తే నిలుస్తుంది, లేకపోతే పోతుంది.

2011లో దీని జన్యుపటం మొత్తం చదివారు. 9 కోట్ల అక్షరాలు, పురుగుల లోకంలో చాలా చిన్నది. అంత చిన్న పుస్తకంలో విషాలను విరగ్గొట్టే జన్యువులు మాత్రం కుప్పలుగా ఉన్నాయి. కొన్ని దాని సొంతం కూడా కావు, బ్యాక్టీరియా నుంచి, శిలీంధ్రాల నుంచి వచ్చి చేరినవి. 1,100కు పైగా మొక్కల మీద బతకగలిగేది అందుకే. 90కి పైగా మందులకు ఎక్కడో ఒకచోట తట్టుకున్నట్టు నమోదైందీ ఈ నల్లే.

ఈ రెండింటికీ సంబంధం ఉందా అన్నది నన్ను ఎక్కువగా కుదిపిన విషయం. 2013లో యూరప్ బృందం ఒకటి, మందులేవీ తట్టుకోలేని నల్లులను బీన్స్ మీద నుంచి టమాటా మీదికి మార్చి 5 తరాలు ఉంచింది. ఒక్క చుక్క మందు కొట్టలేదు. అయినా వాటిలో జన్యువులు పనిచేసే తీరు, చాలా మందులకు లొంగని నల్లుల తీరును పోలి వచ్చింది. కొన్ని మందుల పట్ల అవి మొద్దుబారాయి కూడా. మొక్క విషాన్ని అరిగించుకోవడం నేర్చిన కడుపుకు మందు విషం మరీ కొత్తేమీ కాదన్నమాట. ఎండాకాలంలో 5 తరాలంటే నెలన్నర, రెండు నెలలు. ఒక టమాటా పంట కూడా పూర్తిగా కాదు. "నీకు మందు కొట్టడం రాదు" అని చిన్నాయనతో అన్నవాళ్లు ఈ ఒక్క విషయం తెలుసుకుని ఉంటే బాగుండేది.

అమెరికాలో ఫ్రెడ్ గౌల్డ్ 1979లోనే కీర దోస మీద ఇలాంటి పని చేశారు. నల్లిని తట్టుకునే కీర రకాన్ని అందుబాటులో ఉంచి 21 నెలలు పెంచితే, మొదట్లో ఆ మొక్క మీద చచ్చిన జాతే తర్వాత నిలదొక్కుకుంది. ఇక కీర చేదు సంగతి. చేదు మొక్క నల్లిని ఆపుతుంది, అదే చేదు కీర మీది పెంకు పురుగును పిలుస్తుంది. ఈ సంగతి 1971లో అచ్చయింది. ఇంట్లో అమ్మ దోసకాయ కోసి, కొస ముక్క నాలుక మీద పెట్టుకుని చూసి, చేదుంటే పక్కన పడేసేది. తరతరాలుగా మనం తీపివాటి గింజలే దాచుకున్నాం. చేదు ఎవరి కోసం ఉందో చూడకుండా ఏరేశాం. (తినే కాయ చేదుండాలని నేను అనను. ఆకు చేదు వేరు, కాయ చేదు వేరు.)

నా మీద నాకే ఉన్న అనుమానాలు

చిన్నాయన తోట సంగతికి ఇదంతా అతికించవచ్చా? ఖాయంగా అతికించలేను. దుమ్ము ఉంది, పైరిత్రాయిడ్ ఉంది. నల్లిని తినే పురుగులు పక్కాయన తోటలో బతికి ఉండటం ఒక్కటే చాలు, అంత తేడా రావడానికి. నల్లి వంశం ఏదైనా, అక్షింతల పురుగు తినేటప్పుడు వంశం చూసి తినదు. రైతుకు రేపు పొద్దున పనికొచ్చే సలహా ఇప్పటికీ అదే: బాట పక్క సాళ్ల ఆకులు తడుపు, ఆ మందు మానుకో, మొదటి తెల్ల చుక్కలు కనిపించినప్పుడే కింది ఆకులు కోసి తోట బయట తగలబెట్టు. జన్యువుల మాట చెప్పి ఈ పనులు మరిపిస్తే అది ద్రోహమే.

ఇంకో అభ్యంతరం మా క్లాస్‌మేట్ ఒకరు ఫోన్లో గట్టిగానే పెట్టింది. తను వ్యవసాయ విస్తరణ అధికారి. "మండలంలో వేల మంది రైతులు. ఒక్కో తోట నల్లికి ఒక్కో జాతకం ఎవరు రాస్తారు? నాకు చెప్పడానికి ఒక్క వాక్యమే టైమ్ ఉంటుంది. సగటున ఏ రకం మంచిదో అదే చెప్తాను" అంది. కాదనలేకపోయాను. సగటు లేకుండా సిఫార్సు లేదు. వంద తోటల్లో డెబ్బైకి మేలు చేసే రకాన్ని వద్దని నేనెలా అంటాను?

అయినా తనతో చెప్పిందే ఇక్కడా చెప్తాను. నేను అడుగుతున్నది ప్రతి తోటకూ ప్రయోగశాల కాదు. రకాలను పరీక్షించే చోట, ఒక్క కాలేజీ మడి నల్లితో సరిపెట్టకుండా నాలుగు జిల్లాల నల్లులు తెచ్చి, బీన్స్ మీద రెండు తరాలు సమంగా పెంచి, విడివిడిగా వదిలి చూడమంటున్నాను. పట్టికలో ఇంకో గడి పెట్టమంటున్నాను. సగటు రాయండి, దాని పక్కనే అన్నిటికన్నా ఎక్కువ గుడ్లు పెట్టిన నల్లి ఏ ఊరిదో కూడా రాయండి. ఆ ఊరి రైతుకు సగటుతో పనిలేదు.

ఇది కొత్త కోరిక కూడా కాదు. వరిలో మనవాళ్లు ఎప్పటినుంచో చేస్తున్నదే. వరి పిలకను ఉల్లికాడలా మార్చే ఉల్లికోడును ఒకటే పురుగుగా చూడటం ఎప్పుడో మానేశారు. ఉల్లికోడును తట్టుకునే ఫల్గుణ రకం 1980ల్లో శ్రీకాకుళం వైపు లొంగిపోతే, రైతుకు సాగు రాదని ఎవరూ తేల్చేయలేదు. ఆ ప్రాంతపు ఉల్లికోడే వేరని గుర్తించి దానికి బయోటైపు 4 (ఒకే పురుగులో గుణం వేరైన గుంపును బయోటైపు అంటారు) అని పేరు పెట్టారు. తర్వాత వరంగల్ దానికి 4ఎం. ఇప్పుడు వరి శాస్త్రవేత్త ఎవరైనా ఒక రకం ఉల్లికోడును తట్టుకుంటుందంటే పక్కవాళ్లు వెంటనే అడుగుతారు, ఏ బయోటైపును అని. కూరగాయల నల్లి దగ్గర ఆ ప్రశ్న నేను చదువుకున్న రోజుల్లో వినలేదు. వరి మీద బతికే పురుగుకు ఇచ్చిన ఆ గుర్తింపు టమాటా మీద బతికే పురుగుకు ఎందుకు ఇవ్వలేమో నాకు అర్థం కాదు. టమాటా రైతు నష్టం మాత్రం చిన్నదా?

రైతుకు ఈ ఆలోచన బరువవుతుందని కూడా నేను నమ్మను. మిరప రైతును చూడండి. ఆకు పైకి ముడిస్తే తామరపురుగు, కిందికి ముడిస్తే నల్లి అని దూరం నుంచే చెప్పేస్తాడు. కంటికి ఆనని పురుగును ఆకు ముడతతో విడదీసి పేర్లు పెట్టుకున్నవాడికి, నల్లిలో నల్లికి తేడా ఉందంటే ఎందుకు అర్థం కాదు? చిన్నాయనకు మూడు వంశాల కథ ఫోన్లో చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత "మూడోదే చెడ్డది. కుక్క మొరగకుండా ఇంట్లో దూరిన దొంగ" అన్నాడు. నాకు ఇన్నేళ్ల చదువులో ఇంత సూటిగా చెప్పడం రాలేదు.

ఊరి నుంచి వచ్చేటప్పుడు రెండు తోటల ఆకులూ రెండు కవర్లలో మూతి గట్టిగా కట్టి తెచ్చుకున్నాను. ఇంటి వెనక గదిలో రెండు ట్రేలు, తడి దూది, కుండీలో మొలిపించిన బీన్స్ ఆకులు. ట్రేల చుట్టూ నీళ్లు పోసి ఉంచాను, ఒకటి కూడా దాటకుండా. ఇవాళ్టికి పద్దెనిమిది రోజులు. రెండో తరం నడుస్తోంది. బీన్స్ మీద ఇప్పటివరకు రెండు ట్రేల మధ్యా నాకు తేడా కనిపించలేదు. వచ్చే వారం టమాటా ఆకుల మీదికి మారుస్తాను. తేడా రాకపోవచ్చు కూడా, అప్పుడు అదీ ఇక్కడే రాస్తాను. ఈసారి మాత్రం రెండింటినీ కలపలేదు. ఒక ట్రే మీద చిన్నాయన పేరు, సర్వే నంబరు, తెచ్చిన తేదీ రాశాను. రెండో దాని మీద పక్కాయనవి.